ఇన్‌వర్డ్ నంబరు 214

జూన్‌లో కొత్త రిజిస్టరు కొన్నప్పుడే
రెండొందల పుటలకీ నంబర్లు వేసినాను.
అట్ట లోపల "ఇందు 200 పుటలు గలవు" అని రాసి
హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించినాను.
ఎవరూ అడగలా. మా నాయన తాలూకాఫీసులో బంట్రోతు.
చినిగిన పుట మాట్లాడదమ్మా,
పక్క పుటలు ఊరుకోవు, అనేవాడు.

కావలి ట్రంకు రోడ్డు మీద మూడంతస్తుల బడి మాది.
షాహెదా మిస్ ఉత్తరం తెచ్చింది సోమవారం,
తొమ్మిదీ ఇరవైకి, ప్రార్థన ఇంకా అయిపోలా.
రెండువైపులా రాసిన అరఠావు.
నేను చదవకూడదు. చదివినాను.

ఆరో తరగతి పిల్ల,
తుమ్మలపెంట వైపు నుంచి బస్సులో వచ్చేది.
పేరు రాయను. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.
లెక్కల పిరీడు వస్తే చాలు, కడుపునొప్పంటా
నా గది గుమ్మంలో నిలబడేది.
చిటికెడు సోంపు పెట్టి పంపేదాన్ని.
వారానికి మూడుసార్లు
సోంపు పెట్టి
ఆ గదిలోకే పంపేదాన్ని.

స్టాంపు కొట్టినాను. తేదీ సరిచూసుకున్నాను.
214. పుట 61.

మధ్యాహ్నం కరస్పాండెంటు గారు పిలిచినారు.
లెక్కల సారు ఆయనకి బామ్మర్ది.
"ఆ కాయితం తీసెయ్యి పెంచలరత్నం,
మన బడి, మన పరువు.
మన పిల్లోడికి ఫీజు సగమే కదా కట్టించుకునేది."
మన అనే మాట అంత బరువుంటదని
అప్పటిదాకా నాకు తెలియదు.

అంతకుముందు నెలలోనే
నెల్లూరు నుంచి వకీలొకాయన్ని పిలిపించి
స్టాఫుకి క్లాసు పెట్టించింది కూడా ఈయనే.
బడి మీదకి ఏ కేసులు రాగలవో, ఎట్ట కాసుకోవాలో
తెర మీద బొమ్మలేసి చెప్పినాడు వకీలు.
నేను ట్రేలో పదహారు గ్లాసులతో తలుపు కాడ ఉన్నా.
కళ్ళద్దాలు తుడుచుకుంటా ఒక మాటన్నాడు:
"తెలిసీ చెప్పనోడు కూడా ముద్దాయే.
టీచరైనా, ఆయా అయినా, ఇదిగో టీలిచ్చే ఈమైనా."
అందరూ నా వైపు చూసి నవ్వినారు.
కరస్పాండెంటు గారు తలూపి డైరీలో రాసుకున్నారు.
నా చేతులు ఖాళీ లేవు, నేను రాసుకోలా.

"కాయితం తీస్తే అరవై తర్వాత అరవై మూడు వస్తది సార్"
అన్నా.
ఆయన ఫ్యాను వైపు చూసినారు చాలాసేపు.

సాయంత్రానికి షాహెదా మిస్‌కి రాజీనామా తయారైంది,
"స్వంత కారణాల వల్ల."
టైపు కొట్టింది నేనే.
స్వంత అనే మాట రెండుసార్లు తప్పు పడింది.
ఆమె సంతకం పెట్టలా.
కుళాయి కాడ చాక్‌పీసు చేతులు కడుక్కొని
గేటు దాటి పోయింది.

రాత్రి పిల్లోడు నిద్రపోయినాక
ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.
"మీ పేరు చెప్పకపోయినా పర్లేదండీ"
అనింది అవతల చిన్నపిల్ల గొంతు.
చెప్పినాను, ఇంటిపేరుతో సహా.
సోంపు డబ్బా సంగతీ చెప్పినాను.
అది ఆమె అడగలా.

ఇప్పుడా రిజిస్టరు లక్క సీలేసుకొని స్టేషన్లో ఉంది.
కేసు నెల్లూరులో, వాయిదా మీద వాయిదా.
మిస్ ముసునూరులో ట్యూషన్ పెట్టింది, నలుగురొస్తారు.
మావోడికి ఫీజు నోటీసొచ్చింది, ఈసారి మొత్తానికీ.
నన్నైతే తియ్యలా.
ఇప్పుడు తీస్తే బడికే ప్రమాదమన్నాడంట
అదే వకీలు.
స్టోరుగదిలో కూర్చోబెట్టి స్టాకు రిజిస్టరిచ్చినారు,
చీపుర్లు, ఫినాయిలు, బల్బులు.
దానికీ నంబర్లేస్తా ఉన్నా.

మొన్న ఆదివారం బజార్లో
వాళ్ళమ్మ చేపల గంప పక్కన కనిపించింది ఆ పిల్ల.
కడుపునొప్పి ఎట్టుందని అడగబోయి
అరకిలో వంజరం అడిగినా.
ఐదొందల కాయితమిస్తే
వేళ్ళు మడవకుండా, పైకి చూడకుండా
చిల్లర లెక్కగట్టి నా చేతిలో పెట్టింది.
గుర్తుపట్టిందో లేదో.
నాలుగడుగులు వేసి ఎంచుకున్నా.

సరిపోయింది.